రిపోర్టులన్నీ నార్మల్ అయినా కడుపునొప్పి ఎందుకు పోదు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కావలి దగ్గర ఊరు. మీ తమ్ముడికి 34 ఏళ్లు, రొయ్యల గుంటలు చూసుకుంటాడు. ఐదేళ్ల కిందట వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. అది తగ్గింది గానీ అప్పటి నుంచి బొడ్డు కింద మెలిపెట్టినట్టు నొప్పి. మోషన్‌కి వెళ్లొస్తే కాస్త సర్దుకుంటుంది, మళ్లీ వస్తుంది. రెండుసార్లు ఎండోస్కోపీ, ఒకసారి కొలనోస్కోపీ, సీటీ స్కాన్, రక్తపరీక్షలు అయ్యాయి. అన్నీ నార్మల్. ఆఖరికి ఒక డాక్టరు "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకో" అని చిన్న బిళ్ళ రాసిస్తే, అది డిప్రెషన్ మందని ఫోన్లో చూసి మీవాడు గుంటలో పారేశాడు. (రొయ్యలకు డిప్రెషన్ ఉందో లేదో నాకు తెలీదు.) ఇంట్లోవాళ్లేమో పని తప్పించుకోడానికి నాటకం అంటున్నారు. మీరు అడిగింది ఇది: "నొప్పి కడుపులో ఉందా, మెదడులో ఉందా? మెదడులో అయితే వాడికి పిచ్చా సార్?"

నేను ముప్పై ఏళ్లకు పైగా నెల్లూరులో కడుపు రోగులనే చూశాను. ఇది పిచ్చి కాదు. నాటకం అసలే కాదు. మెదడు ప్రమేయం లేని నొప్పి అంటూ ఏదీ లేదు. కాలికి ముల్లు గుచ్చుకున్నా నొప్పి తెలిసేది మెదడులోనే. మీ తమ్ముడి విషయంలో తేడా ఎక్కడుందంటే, పేగు గోడ దెబ్బతినకుండానే నొప్పి దారి దెబ్బతింది. మన కెమెరాలు, స్కాన్లు గోడను చూస్తాయి, దారిని చూడవు.

దీనికి ఐబీఎస్ అని పేరు, ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. ప్రపంచవ్యాప్తంగా కడుపు డాక్టర్లు వాడే రోమ్ ప్రమాణాలు ఉన్నాయి. 2016లో వచ్చిన నాలుగో కూర్పు ప్రకారం మూడు నెలలుగా వారానికి ఒక్క రోజైనా నొప్పి ఉండాలి. ఆ నొప్పికి మోషన్‌తో సంబంధం ఉండటం, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది మారడం, అది గట్టిగానో పల్చగానో మారడం, ఈ మూడింటిలో రెండు ఉండాలి. మొత్తం వ్యవహారం మొదలై ఆరు నెలలు దాటి ఉండాలి. మీరు రాసినదాన్ని బట్టి మీవాడికి ఇవన్నీ సరిపోతున్నాయి. అదే కూర్పులో ఇలాంటి జబ్బులన్నింటికీ కలిపి "పేగు, మెదడు మధ్య సంభాషణ లోపాలు" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అంతకుముందు వాటిని "ఫంక్షనల్" అనేవాళ్లు. ఆ మాట వింటే రోగికి "ఊరికే" అన్నట్టు వినపడేది.

ఒక్క జాగ్రత్త మాత్రం ముందే చెప్పాలి. బరువు తగ్గిపోవడం, మలంలో రక్తం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపేసే నొప్పి లేదా విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్, యాభైకి దగ్గరపడ్డాక కొత్తగా మొదలవడం, వీటిలో ఏది ఉన్నా నేను చెప్పేదంతా పక్కన పెట్టి మళ్లీ డాక్టరు దగ్గరకే వెళ్లాలి. మన దేశంలో పేగు టీబీ ఇంకా ఉంది, అది ఇలాగే మొదలై మోసం చేస్తుంది. మీ తమ్ముడికి బరువు తగ్గలేదు, రక్తం పడలేదు, హిమోగ్లోబిన్ బాగుంది అన్నారు. తెల్లవారుజామున మూడింటికి నొప్పి వస్తుందని రాసిన చోట మాత్రం ఆగాను. తర్వాత మీరే రాశారు, ఏరియేటర్లు (గుంట నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతున్నాయో లేదో చూడటానికి ముందు లేస్తాడు, లేచాక నొప్పి మొదలవుతుంది అని. నొప్పి నిద్ర లేపడం వేరు, లేచినవాడికి నొప్పి రావడం వేరు. ఇది రెండోది. ఈ తెల్లవారుజాము మూడు గంటల సంగతికి మళ్లీ వస్తాను.

ఇక దారి సంగతి. పేగుకు చర్మంలాంటి తెలివి లేదు. కొలనోస్కోపీ చేసేటప్పుడు మత్తు తక్కువగా ఇస్తే రోగి స్క్రీన్ మీద చూస్తూ ఉంటాడు. పరీక్ష కోసం చిన్న ముక్క తుంచుతుంటే కంటికి కనిపిస్తుంది గానీ నొప్పి తెలియదు. అదే లోపలికి గాలి ఊదితే "అమ్మా" అంటాడు. పేగును కోసినా కాల్చినా దానికి పట్టదు. సాగదీస్తే మాత్రం ఓర్చుకోదు. ఆ సాగుడు కబురు మోసే నరాలు కూడా తక్కువే. చర్మం నుంచి వచ్చేవాటితో పోలిస్తే వెన్నుపాముకు చేరే పేగు నరాలు చాలా కొంచెం, అవి కూడా చర్మం నుంచి వచ్చిన నరాలు కలిసే కణాల దగ్గరే కలుస్తాయి. అందుకే అపెండిక్స్ వాచినప్పుడు మొదట నొప్పి బొడ్డు చుట్టూ ఉంటుంది, తర్వాత గానీ కుడిపక్కకు దిగదు. పేగు ఎక్కడ నొప్పో చెప్పలేదు, నొప్పి ఉందని మాత్రం గట్టిగా చెబుతుంది.

పేగు గోడలో దాని సొంత నాడీమండలం కూడా ఉంది, పది కోట్లకు పైగా నాడీకణాలు. తిండిని ముందుకు తోయడానికి దానికి మెదడు అనుమతి అక్కర్లేదు. మెదడుకూ పేగుకూ మధ్య పెద్ద తీగ వేగస్ నాడి. అందులో ఐదింట నాలుగు వంతుల తంతువులు కింది నుంచి పైకి కబురు తీసుకెళ్లేవే. అంటే మెదడు పేగుకు చెప్పేదానికన్నా పేగు మెదడుకు చెప్పేదే ఎక్కువ. నొప్పి కబురు మాత్రం ఎక్కువగా వెన్నుపాము దారిన వెళ్తుంది. అక్కడి నుంచి థలమస్‌కు, థలమస్ నుంచి ఇన్సులా అనే మడతకు చేరుతుంది. ఒంట్లో లోపలి సంగతులు తెలిసేది అక్కడ. ముందు వైపు సింగ్యులేట్ అనే భాగంలో "ఇది భరించలేను" అనే బాధ పుడుతుంది. అమిగ్డలాలో భయం అంటుకుంటుంది. నొప్పి ఎంత అన్నది ఒక చోట, నొప్పి ఎంత బాధ అన్నది ఇంకో చోట తయారవుతుందన్నమాట. రోగికి ఆ రెండూ కలిసి ఒకటిగానే తెలుస్తాయి.

ఇంతవరకు పైకి పోయే కాలువ. మనం మరిచిపోయేది కిందికి వచ్చే కాలువను. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో నొప్పికి ఒక తలుపు ఉంటుందని ప్రతిపాదించారు. మన జిల్లావాళ్లకు చెరువు తూము అంటే ఇంకా బాగా అర్థమవుతుంది. చెరువులో నీళ్లు ఎన్ని ఉన్నా పొలానికి పారేది తూము షట్టర్ ఎంత ఎత్తారు అన్నదాన్ని బట్టే. ఆ షట్టర్ దగ్గర దాన్ని ఎత్తి దించే లస్కర్ ఒకడుంటాడు. నొప్పి విషయంలో ఆ లస్కర్ మెదడు కాండంలో ఉన్నాడు. నడిమి మెదడులో పెరియాక్విడక్టల్ గ్రే అనే బూడిదరంగు పదార్థం, దాని కింద మెడుల్లాలో ఇంకో చిన్న గుంపు, వాటి నుంచి వెన్నుపాములోకి దిగే నరాలు, ఇదీ వలయం. 1969లో రేనాల్డ్స్ అనే పరిశోధకుడు ఎలుకల మెదడులో ఆ బూడిదరంగు భాగాన్ని కరెంటుతో ప్రేరేపిస్తూ మత్తుమందు లేకుండానే వాటి పొట్ట కోసి ఆపరేషన్ చేశాడు. షట్టర్ అంత గట్టిగా పడుతుంది. తర్వాతివాళ్లు మెడుల్లాలో రెండు రకాల కణాలను కనిపెట్టారు. ఒక రకం షట్టర్ దించుతాయి, రెండో రకం ఎత్తుతాయి. లస్కర్ నొప్పిని ఆపడమే కాదు, పెంచగలడు కూడా. నాకు తెలిసిన డాక్టర్లలో కూడా చాలామందికి ఈ రెండో సగం గుర్తుండదు.

లస్కర్ ఎవరి మాట వింటాడు? అమిగ్డలా మాట, ముందు మెదడు మాట, ఇన్సులా మాట. అంటే భయం, జ్ఞాపకం, రాబోయేదాని గురించిన అంచనా. యుద్ధంలో గాయపడ్డ సైనికుడికి కాసేపు నొప్పి తెలియకపోవడం, ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషికి అదే నొప్పి రెట్టింపు కావడం, రెండూ ఈ లస్కర్ పనే.

మీ తమ్ముడికి ఇది ఎలా మొదలైంది? ఆ వాంతులు, విరేచనాలతోనే అని నా అంచనా. పేగు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి ఏడాది తర్వాత చూస్తే ఐబీఎస్ ఉంటోంది. దీనికి బాగా తెలిసిన ఉదాహరణ కెనడాలో వాకర్టన్ అనే చిన్న పట్నం. 2000 మే నెలలో అక్కడి తాగునీటి బావిలోకి పశువుల పేడ నుంచి బ్యాక్టీరియా చేరి రెండువేల మందికి పైగా జబ్బుపడ్డారు. వాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. జబ్బుపడినవాళ్లలో రెండు, మూడేళ్ల తర్వాత 28 శాతం మందికి ఐబీఎస్ ఉంది, ఎనిమిదేళ్ల తర్వాత 15 శాతానికి దిగింది. ఇన్ఫెక్షన్ పోయినా గోడలోని రక్షక కణాలు కొన్నాళ్లు రసాయనాలు వదులుతూనే ఉంటాయి, వాటితో నరాల చివరలు అతిగా సున్నితమవుతాయి. ఆ చివరల నుంచి ఎడతెగకుండా కబుర్లు వస్తుంటే వెన్నుపాములోని కణాలు కూడా చిన్న కబురుకే పెద్దగా మోగడం నేర్చుకుంటాయి. ఆ పైన మెదడు నేర్చుకుంటుంది. పాము కరిచినవాడు తాడును చూసినా ఉలిక్కిపడతాడు. అలా అని అతను పిరికివాడు కాదు, ఒకసారి నిజంగానే పాము కరిచింది.

ఇది ఊహ కాదనడానికి 1973లో రిచీ అనే డాక్టరు చేసిన పరీక్ష ఒకటి చాలు. పెద్దపేగు చివరి భాగంలో చిన్న బుడగ పెట్టి గాలితో ఉబ్బించాడు. 60 మిల్లీలీటర్ల దగ్గర మామూలు మనుషుల్లో నూటికి ఆరుగురు నొప్పి అన్నారు. ఐబీఎస్ ఉన్నవాళ్లలో 55 మంది అన్నారు. గోడ అదే, గాలి అంతే.

ఇక్కడ గ్యాస్ గురించి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. మన జిల్లాలో ఏ కడుపు బాధకైనా పేరు గ్యాసే. గుండెనొప్పిని కూడా గ్యాస్ అనుకుని సోడా తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లను చూశాను. పొద్దున్నే పరగడుపున గ్యాస్ బిళ్ళ వేసుకోని ఇల్లు మా వీధిలో లేదు. ఆ బిళ్ళ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, బొడ్డు కింద మెలిపెట్టే నొప్పికి దానితో పనిలేదు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌వాళ్లు 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. ఐబీఎస్ ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు పేగులో పులిసే పీచు ఒకేలా తాగించి ఎమ్మారై తీశారు. గ్యాస్ ఇద్దరిలోనూ దాదాపు ఒకేలా పుట్టింది, పేగు ఒకేలా ఉబ్బింది. బాధపడింది మాత్రం ఐబీఎస్ ఉన్నవాళ్లే. మీ తమ్ముడి కడుపులో గ్యాస్ మీ కడుపులో కన్నా ఎక్కువేమీ ఉండకపోవచ్చు. అతనికి తెలుస్తోంది, మీకు తెలియట్లేదు.

ఇప్పుడు ఆ తెల్లవారుజాము మూడు గంటల సంగతి. రొయ్యల గుంటలో ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారే ముందే. అప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయంటే పొద్దున్నకు చచ్చిన రొయ్యల రూపంలో లక్షలు తేలి కనిపిస్తాయి. మీవాడికి ఒకసారి అలా జరిగిందని మీరే రాశారు. ఆ వేళకు లేవడం అంటే అతని మెదడుకు లేవడం కాదు, కాపలాకు దిగడం. ఆందోళన వేళ మెదడు సీఆర్‌ఎఫ్ అనే రసాయనాన్ని వదులుతుంది. అది ఒత్తిడి హార్మోన్లకు మూలం, దానితోపాటే పెద్దపేగును తొందరపెడుతుంది, గోడను సున్నితం చేస్తుంది. పరీక్ష రోజున పిల్లలు రెండుసార్లు బాత్రూమ్‌కు పరిగెత్తడం దీనివల్లే. మామూలుగా కూడా మనిషి లేవగానే పెద్దపేగు నిద్ర లేస్తుంది. రెండూ ఒకే నిమిషంలో జరిగితే కబురు పెద్దదవుతుంది, లస్కర్ షట్టర్ దించాల్సింది పోయి ఎత్తుతాడు.

దీనికన్నా సూక్ష్మమైనది ఒకటుంది, నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. లాస్ ఏంజిలిస్‌లో చేసిన ఒక స్కాన్ అధ్యయనం 2008లో వచ్చింది. ఆడవాళ్లను స్కానర్‌లో పడుకోబెట్టి, కాసేపట్లో బుడగ ఉబ్బబోతోందని సైగ ఇచ్చారు. ఇంకా ఉబ్బలేదు, సైగ మాత్రమే. ఆరోగ్యవంతులలో ఆ సైగ చూడగానే ఇన్సులా, మెదడు కాండం లాంటి చోట్ల పని తగ్గింది. రాబోయే దెబ్బకు ముందే షట్టర్ దించుకున్నట్టు. ఐబీఎస్ ఉన్నవాళ్లలో అది అంతగా తగ్గలేదు. నొప్పి వస్తుందేమో అన్న ఎదురుచూపే వాళ్లలో తూమును తెరిచి ఉంచుతోంది. ఇప్పుడు మీవాడి రోజు చూడండి. బస్సు ఎక్కాలంటే మధ్యలో దిగాల్సి వస్తుందేమో, పెళ్లిలో భోంచేస్తే అక్కడే మొదలవుతుందేమో, ఈసారి స్కాన్‌లో ఏం బయటపడుతుందో. రోజంతా సైగలే.

"టెన్షన్ తగ్గించుకో" అన్న మాట తప్పు కాదు గానీ, పనికిరాని మాట. అది విన్న రోగికి అర్థమయ్యేది "నీ నొప్పి అబద్ధం" అని. ఈ మాట నేనూ అన్నాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, ఆత్మకూరు వైపు నుంచి ఒక రైతు భార్య వచ్చింది. పరీక్షలన్నీ చేసి, "నీకేం లేదమ్మా, ఇంటికి పోయి హాయిగా ఉండు" అన్నాను. ఆమెకు అంతకుముందే వేరేచోట అపెండిక్స్ తీసేశారు, నొప్పి పోలేదు. నా దగ్గర నుంచి వెళ్లాక ఇంకో ఊళ్లో పిత్తాశయం తీశారు, అప్పుడూ పోలేదు. మూడేళ్లకు మళ్లీ నా దగ్గరికే వచ్చి, "ఏం లేదన్నారు గదయ్యా, మరి ఇదేంది?" అని పొట్ట మీద రెండు కోతలు చూపించింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఐబీఎస్ ఉన్నవాళ్లకు అక్కర్లేని ఆపరేషన్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ జరుగుతాయని తర్వాత చదివాను. చదవకముందే నాకు తెలుసు.

మీరు మొహమాటంగా రాసిన ఇంకో విషయం ఉంది. నిరుడు రొట్టెల పండక్కి మీ అమ్మగారు నెల్లూరు బారాషహీద్ దర్గాకు వెళ్లి, స్వర్ణాల చెరువులో నిలబడి ఆరోగ్య రొట్టె తీసుకున్నారు, తర్వాత నెలరోజులు మీవాడికి నొప్పి లేదు, దాన్ని పట్టుకుని చుట్టాలు "చూశారా, అంతా మనసులోదే" అన్నారు. చుట్టాలది పొరపాటు. 1978లో పన్ను పీకించుకున్నవాళ్లకు మందు లేని ఉత్తుత్తి మందు ఇస్తే కొందరికి నొప్పి తగ్గింది. ఆ తర్వాత నాలోక్సోన్ ఇస్తే ఆ ఉపశమనం పోయింది. నాలోక్సోన్ నల్లమందు జాతి రసాయనాలకు విరుగుడు. అంటే నమ్మకంతో తగ్గిన నొప్పి వెనుక మెదడు తన సొంత నల్లమందును వాడింది. లస్కర్‌కు షట్టర్ దించే చెయ్యి అదే. 2010లో బోస్టన్‌లో 80 మంది ఐబీఎస్ రోగులలో దాదాపు సగం మందికి "ఇందులో మందేమీ లేదు" అని మొహం మీదే చెప్పి ఉత్తుత్తి బిళ్ళలు ఇచ్చారు. మూడు వారాల్లో వాళ్లలో 59 శాతం మందికి చెప్పుకోదగ్గ ఉపశమనం, ఏమీ ఇవ్వనివాళ్లలో 35 శాతం మందికి. రొట్టెతో తగ్గింది కాబట్టి నొప్పి అబద్ధం అనడం, నీళ్లు పోస్తే ఆరింది కాబట్టి అది నిప్పు కాదు అనడం లాంటిది. అమ్మగారిని ఈ ఏడాదీ వెళ్లనివ్వండి. బిళ్ళ కూడా వేసుకోనివ్వండి.

ఆ బిళ్ళ. మీరు పంపిన చీటీలో ఉన్నది అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు. డిప్రెషన్‌కు దాన్ని ఇచ్చే మోతాదు దీనికి ఎన్నోరెట్లు. ఇంత చిన్న మోతాదు నరాల నొప్పికి, నొప్పి దారిని శాంతపరచడానికి. నరాలు కబుర్లకు వాడే సెరోటోనిన్ అనే రసాయనం మన ఒంట్లో ఉన్నదాంట్లో నూటికి తొంభై వంతులు పేగులోనే ఉంటుంది, వెన్నుపాములోకి దిగే నరాలు కూడా సెరోటోనిన్, నారడ్రినలిన్ వాడతాయి. డిప్రెషన్ మందు కడుపు మీద పనిచేయడంలో వింతేమీ లేదు, రసాయనాలు ఒకటే. 2023లో లాన్సెట్ పత్రికలో ఇంగ్లండు అధ్యయనం వచ్చింది. మామూలు ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరకు వచ్చే 463 మంది ఐబీఎస్ రోగుల్లో సగం మందికి ఆరు నెలలు, 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి 30 దాకా పెంచుతూ ఇచ్చారు. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ల కన్నా మందు వేసుకున్నవాళ్లు బాగున్నారు. నాకు నచ్చిన సంగతి ఏంటంటే, వాళ్ల ఆందోళన, డిప్రెషన్ కొలతల్లో మార్పు రాలేదు, కడుపు బాగుపడింది.

రాత్రి పడుకునే ముందు వేసుకోవాలి. నోరు ఎండుతుంది, మగతగా ఉంటుంది, కొందరికి మలబద్ధకం వస్తుంది. మీవాడికి విరేచనాల వైపు మొగ్గు కాబట్టి అది ఒకరకంగా మేలే. గుండె లయ సమస్య, కంటి నీటికాసులు (గ్లకోమా), మూత్రం ఆగే బాధ ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా వేసుకోకూడదు. మూడు, నాలుగు వారాలకు గానీ తేడా తెలియదు, నాలుగు రోజులకే మానేస్తే లాభం లేదు. రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లి "పారేశాను సార్" అని చెప్పమనండి. మాకు అలవాటే, ఏమీ అనుకోం.

నొప్పి తట్టుకోలేనప్పుడు ఊళ్లో వేయించుకుంటున్న ఇంజెక్షన్ ట్రమడాల్ అయితే మాత్రం ఆపించండి. నల్లమందు జాతి మందులు నెలల తరబడి వాడితే పేగును మొద్దుబార్చి, నొప్పి దారిని ఇంకా రెచ్చగొడతాయి. ఆ మందే నొప్పికి కారణమైన రోగులను చూశాను, వాళ్లను దాన్నుంచి తప్పించడం అసలు జబ్బుకన్నా కష్టం.

తిండి గురించి మీరు పెద్ద జాబితా అడిగారు, నేను చిన్నదే ఇస్తాను. అన్నం, చేప, కోడిగుడ్డు, పెరుగు కొంచెం, వీటితో సాధారణంగా పేచీ లేదు. పేగులో పులిసేవి ఉల్లిపాయ, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు. ఆస్ట్రేలియాలో మొనాష్ విశ్వవిద్యాలయంవాళ్లు వీటన్నిటినీ కొన్ని వారాలు మాన్పించి, ఒక్కొక్కటే మళ్లీ తినిపించి ఏది పడదో తేల్చే పద్ధతి పెట్టారు. జీవితాంతం మానడం దాని ఉద్దేశం కాదు. నెల్లూరు చేపల పులుసు తిన్నాక నొప్పి వస్తే చేప మీద నేరం మోపకండి, అందులో పడిన ఉల్లిపాయను, వెల్లుల్లిని, కారాన్ని అనుమానించండి. కారం సంగతి వేరు. మిరపలోని ఘాటు పట్టుకునే గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అదే గ్రాహకం పేగు నరాల మీదా ఉంది, ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగు ముక్కల్లో అలాంటి నరాలు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి ఉదయం కారం దోశ కొన్నాళ్లు మానెయ్యమనండి. కష్టమే, నాకు తెలుసు.

మందు కాని చికిత్సల్లో రుజువులు గట్టిగా ఉన్నవి రెండు. ఒకటి మాంచెస్టర్‌లో 1984 నుంచి వాడుతున్న హిప్నోసిస్, కడుపు మీదికే గురిపెట్టి చేసేది. రెండోది ఆలోచనల తీరును మార్చే సీబీటీ. 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో దాన్ని ఫోన్లో, ఇంటర్నెట్లో ఇచ్చినా పనిచేసింది. నెల్లూరులో వాటికి తర్ఫీదు పొందినవాళ్లు చేతిలో వేళ్లకన్నా తక్కువ, అందుకే నేను వాటితో మొదలుపెట్టను. రోజూ అరగంట వేగంగా నడక, పొద్దున లేచాక పొట్ట పైకి లేచేలా పది నిమిషాలు నిదానంగా ఊపిరి, ఇవి ఎవరూ నేర్పక్కర్లేదు. గుంట గట్టు మీద తిరగడం నడక కిందికి రాదు, అది కాపలా.

మీ మరదలికి ఏం చెప్పాలి అన్నారు. ఇది చదివి వినిపించండి చాలు. "ఎలా ఉంది, నొప్పిగా ఉందా" అని రోజుకు నాలుగుసార్లు అడగడం కూడా మానమనండి. ప్రేమతోనే అడుగుతుంది, కానీ ప్రతి ప్రశ్నా స్కానర్‌లో చూపించిన సైగే. గుంటకు రోజుకు ఎంత మేత వెళ్తోంది, ఈసారి కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత వస్తుంది, ఇలాంటివి అడగమనండి.

ఇక మీ ఆఖరి ప్రశ్న, చెన్నైకి తీసుకెళ్లి ఇంకోసారి కొలనోస్కోపీ, స్కాన్ చేయించమంటారా అని. నేను పైన చెప్పిన ప్రమాద సూచనల్లో కొత్తగా ఏదైనా వస్తే తప్ప వద్దు. మరీ మనసు ఒప్పకపోతే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష ఒకటి చేయించండి. అది మామూలుగా ఉంటే పేగులో వాపు జబ్బు ఉండే అవకాశం చాలా తక్కువ. చెన్నై ఖర్చుకు అనుకున్న డబ్బుతో కరెంటు పోగానే ఫోన్‌కు రింగ్ వచ్చే అలారం గుంటల దగ్గర పెట్టించండి. అది పెట్టించేదాకా, రోజు విడిచి రోజు మూడింటి కాపలాకు మీరు వెళ్లండి.